వెనక వరుసకు వినపడని ఇమాం

ముస్లిం స్త్రీలు మసీదుకు వెళ్ళవచ్చా, కూడదా అన్న చర్చ మన పత్రికల్లో, సభల్లో చాలాకాలంగా నలుగుతూనే ఉంది. ఆ చర్చ మీద నాకు గౌరవం ఉంది. కానీ అది ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఆగిపోతోందన్న అసంతృప్తి కూడా ఉంది. లోపలికి వెళ్ళిన స్త్రీ ఎక్కడ నిలబడుతుంది? ఆమెకు ఏం వినపడుతుంది? ముందు నిలబడ్డ ఇమాం పొరపాటు చేస్తే ఆమె ఏం చేయాలి? ఈ ప్రశ్నలు వేసినప్పుడు మసీదు కమిటీ పెద్దల నుంచి, ఒక్కోసారి మన కార్యకర్తల నుంచి కూడా, ఒకటే జవాబు వస్తుంది: ఇమాం వెనక నిలబడ్డాక ఇంక ప్రశ్నలేమిటి, అనుసరించడమే కదా అని. ఆ "అనుసరించడం" అన్న మాటనే పట్టుకుని ఇక్కడ మాట్లాడదలిచాను. ఎందుకంటే నమాజులో అనుసరణ గురించి ఇస్లామీయ న్యాయశాస్త్రం చెప్పేదీ, మన పెద్దలు మనకు అప్పజెప్పేదీ ఒకటి కాదు.

తెలియని పాఠకుల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. జమాతుతో, అంటే పదిమందీ కలిసి నమాజు చేసేటప్పుడు ముందు నిలబడి చేయించే వ్యక్తి ఇమాం. వెనక నిలబడేవాళ్ళు ముక్తదీలు. ఇమాం "అల్లాహు అక్బర్" అంటూ నడుం వంచి రుకూలోకి వెళ్ళాక వీళ్ళు వెళ్ళాలి. ఆయన సజ్దాలో నుదురు నేలకు ఆన్చాక వీళ్ళు ఆన్చాలి. ఆయన కంటే ముందు తల ఎత్తకూడదు. అలా ముందే తల ఎత్తేవాడికి, అల్లా తన తలను గాడిద తలగా మార్చేస్తాడన్న భయం లేదా అని ప్రవక్త హెచ్చరించినట్టు బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండూ చెబుతాయి. (మా వీధిలో మదర్సాకు వెళ్ళే మగపిల్లలు నమాజు అయ్యాక ఒకరి చెవులు ఒకరు తడిమి చూసుకుని నవ్వుకునేవాళ్ళు.) ఆలస్యంగా వచ్చినవాడు ఇమాం ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే కలవాలి. ఇమాం సలాం చెప్పి ముగించాక, తనకు తప్పిపోయిన రకాతులు లేచి పూర్తి చేసుకోవాలి. పండితుడైనా కూలివాడైనా వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడాల్సిందే. ఈ క్రమశిక్షణలో ఒక అందం ఉంది. దాన్ని నేను వెక్కిరించడం లేదు.

అయితే ఈ మర్యాదకు రెండో సగం ఒకటి ఉంది. దాన్ని మనకు ఎవరూ చెప్పరు. నాలుగు రకాతుల నమాజులో ఇమాం మరిచిపోయి ఐదో రకాతుకు లేచి నిలబడ్డాడనుకుందాం. వెనకవాళ్ళు కూడా లేవాలా? అక్కర్లేదు. హనఫీ గ్రంథాల ప్రకారం వాళ్ళు కూర్చునే ఉండి ఆయన తిరిగి కూర్చుంటాడేమో చూడాలి. ఆయన వినకుండా ఐదో రకాతు సజ్దా కూడా చేసేస్తే వాళ్ళు తమంతట తాము సలాం చెప్పి ముగించవచ్చు. అంటే ఇమాం తప్పులో ఆయన వెంట వెళ్ళడం అనుసరణ కిందికి రాదు. ఊరికే కూర్చోవడం కూడా కాదు, తప్పు జరుగుతోందని ఆయనకు తెలియజేయాలి. ఖురాన్ వచనం మధ్యలో మరిచిపోతే వెనక నుంచి అందించాలి. ఇలా అందించడాన్ని ఉర్దూలో "లుక్మా ఇవ్వడం" అంటారు. లుక్మా అంటే ముద్ద. రోజూ ఇంటిల్లిపాదికీ ముద్ద అందించే మనకు ఈ మాట ఎందుకు దూరమైందో తర్వాత చెబుతాను.

ప్రవక్త స్వయంగా ఒకసారి నాలుగు రకాతుల నమాజును రెండింటితోనే ముగించేశారు. అబూబక్ర్, ఉమర్ లాంటివాళ్ళు అక్కడే ఉన్నారు గానీ మాట్లాడడానికి జంకారు. జుల్‌యదైన్ అనే అతను మాత్రం, నమాజును తగ్గించారా లేక మీరు మరిచిపోయారా అని సూటిగా అడిగాడు. ప్రవక్త తక్కినవాళ్ళను అడిగి నిర్ధారించుకుని, మిగిలిన రెండు రకాతులూ చేయించి, మరుపుకు పరిహారంగా చేసే రెండు సజ్దాలు చేశారు. అడిగినవాణ్ణి కోప్పడలేదు. మరో సందర్భంలో ముఆజ్ అనే సహచరుడు రాత్రి నమాజులో చాలా పొడుగైన సూరా అందుకున్నాడు. వెనక ఉన్న ఒకతను తట్టుకోలేక విడిగా నమాజు ముగించుకుని వెళ్ళిపోయాడు. పంచాయితీ ప్రవక్త దగ్గరికి వెళ్ళింది. మందలింపు తిన్నది వెళ్ళిపోయినవాడు కాదు, ముఆజ్. తనంటే గిట్టని జనానికి ఇమాంగా నిలబడేవాడి నమాజు వాడి తల దాటి పైకి పోదని కూడా హదీసు ఉంది. ఇవన్నీ ఏ మూలనో దాచిన విషయాలు కావు. మదర్సాలో రోజూ పాఠంగా చెప్పేవే.

సమాజశాస్త్ర విద్యార్థిగా నాకు ఇక్కడ ఆసక్తి కలిగించేది ఒకటే. నాయకుణ్ణి అనుసరించాలన్న నియమం పక్కనే, నాయకుణ్ణి సరిదిద్దాలన్న నియమాన్ని కూడా అంతే శ్రద్ధగా రాసిపెట్టిన సంప్రదాయమిది. రెండూ కలిస్తేనే అది మర్యాద. ఒక సగాన్ని దాచి ఇంకో సగాన్నే బోధిస్తే అది మర్యాద కాదు, లొంగుబాటు.

మరి ఈ రెండో సగంలో స్త్రీల వాటా ఎంత? హదీసు స్పష్టంగానే ఉంది. ఒకరోజు ప్రవక్త ఒక తెగలో తగవు తీర్చడానికి వెళ్ళి ఆలస్యమైతే అబూబక్ర్ నమాజు మొదలుపెట్టారు. మధ్యలో ప్రవక్త వచ్చారు. అబూబక్ర్‌కు తెలియజేయడానికి వరుసల్లోని మగవాళ్ళు చప్పట్లు చరిచారు. నమాజు అయ్యాక ప్రవక్త, నమాజులో ఏదైనా తెలియజేయాల్సి వస్తే మగవాళ్ళు "సుబ్‌హానల్లా" అనాలి, చేతులు చరచడం స్త్రీలకు అన్నారు. దీని మీద న్యాయశాస్త్రజ్ఞులు ఎంత లోతుకు వెళ్ళారంటే, అది ఆటలో చప్పట్లలా ఉండకూడదనీ, కుడి అరచేతితో ఎడమచేతి వెనక భాగం మీద చరచాలనీ రాశారు. ఇమాం మాలిక్ మాత్రం దీన్ని వేరుగా అర్థం చేసుకున్నారు. చప్పట్లు స్త్రీల అలవాటు అని చెప్పడమే తప్ప ఆజ్ఞ కాదనీ, నమాజులో స్త్రీలు కూడా "సుబ్‌హానల్లా" అనే చెప్పాలనీ ఆయన అభిప్రాయం. ఆ మాటను బట్టి మాలికీ సంప్రదాయంలో స్త్రీ గొంతుకు చోటుంది. తక్కిన సంప్రదాయాలు చేతి చప్పుడుతో సరిపెట్టాయి. స్త్రీ గొంతు కూడా దాచాల్సిన "ఔరత్" అన్నవాళ్ళు ఉన్నారు, కాదన్న పండితులూ ఉన్నారు. దాచవలసినది అన్న అర్థమున్న ఆ అరబ్బీ మాటే ఉర్దూలో స్త్రీకి పేరైంది. దాని గురించి వేరే వ్యాసమే రాయాలి.

చేతి చప్పుడునైనా తక్కువ చేసి చూడనక్కర్లేదని నా ఉద్దేశం. చివరి వరుసలోని స్త్రీ ఇమాం తప్పును పట్టుకోగలదనీ, పట్టుకుంటే ఊరుకోకూడదనీ, ఆమె చప్పుడు మొదటి వరుస దాటి ఇమాం చెవిన పడుతుందనీ, పడితే ఆయన ఆగి ఆలోచించాలనీ, ఇంత ఒప్పుకున్నాకే ఆ నియమం పుట్టింది. ఆ మసీదులో స్త్రీలు అంత దగ్గరలో ఉండేవాళ్ళు. ఉమ్మె హిషామ్ అనే ఆమె ఖాఫ్ సూరాను శుక్రవారం ప్రసంగాల్లో ప్రవక్త నోట వినీ వినీ కంఠస్థం చేసుకున్నానని చెప్పుకుంది. ఫాతిమా బింత్ ఖైస్ మగవాళ్ళ వెనకనే ఉన్న స్త్రీల వరుసలో నిలబడ్డానని చెప్పింది. మధ్యలో గోడ ఉన్నట్టు ఆమె చెప్పలేదు. పసిబిడ్డ ఏడుపు వినపడితే తల్లి పడే అవస్థ తలుచుకుని నమాజును కుదిస్తానని ప్రవక్త అన్నారు. అంటే బిడ్డ ఏడుపు కూడా ఇమాం చెవిన పడేంత దూరంలోనే తల్లి ఉంది. మగవాళ్ళకు చాలినంత బట్ట లేక కట్టుకున్నవి పొట్టిగా ఉండేవి కాబట్టి, వాళ్ళు లేచి కూర్చునేదాకా సజ్దా నుంచి తల ఎత్తవద్దని స్త్రీలకు చెప్పారట. ఇబ్బంది మగవాళ్ళ బట్టలతో, జాగ్రత్త మాత్రం స్త్రీలు పడాలి. అది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అయినా, ఆ సమస్యకు స్త్రీలను బయటికి పంపడమే మందు అని ఎవరూ అనలేదు.

ఇంకో తెగ సంగతి బుఖారీలోనే ఉంది. కొత్తగా ఇస్లాం తీసుకున్న ఆ తెగలో అందరికంటే ఎక్కువ ఖురాన్ వచ్చినవాడు ఆరేడేళ్ళ పిల్లవాడు, అమ్ర్ బిన్ సలిమా. వాడినే ఇమాంగా నిలబెట్టారు. సజ్దాలోకి వెళితే వాడి చిన్న దుప్పటి పైకి జరిగిపోయేది. తెగలోని ఒక స్త్రీ, ముందు మీ ఇమాం వెనక భాగం కప్పండయ్యా అంది. వాళ్ళు బట్ట కొని వాడికి చొక్కా కుట్టించారు. ఆ చొక్కా చూసుకుని పడ్డంత సంతోషం తాను దేనికీ పడలేదని అతను పెద్దయ్యాక చెప్పుకున్నాడు. పిల్లవాడి ఇమామతు చెల్లుతుందా లేదా అని షాఫయీలు, హనఫీలు వాదించుకున్నారు. నాకు మాత్రం, లోపం చూసి నలుగురిలో నోరు విప్పిన ఆ పేరు తెలియని స్త్రీయే గుర్తుండిపోయింది. (మన సభల్లో ఎక్కువగా చెప్పే కథ వేరే ఉంది, మహర్ మీద ఉమర్‌ను మసీదులో నిలదీసిన స్త్రీ కథ. దాని పరంపర గురించి హదీసు పండితుల్లోనే తగాదా ఉంది. గట్టి ఆధారాలు ఇన్ని ఉండగా అదే ఎందుకు పట్టుకోవాలి?)

ఇప్పుడు మన మసీదులకు వద్దాం. స్త్రీలకు చోటు లేని మసీదుల గురించి కాదు, చోటు ఉన్న వాటి గురించే చెబుతాను. కొన్నేళ్ళ కిందట రంజాన్‌లో ఒక కోస్తా పట్టణంలో తరావీహ్ నమాజుకు స్త్రీల గదిలో నిలబడ్డాను. గది మేడమీద, వెనకవైపు మెట్ల గుండా వెళ్ళాలి. కిటికీలు మూసి పైన తెర కట్టారు. మూలన ఒకే స్పీకరు. వజూకు కుళాయి లేదు, ఇంట్లోనే చేసుకుని రావాలి. ముప్పై నలభై మందిమి ఉన్నాం. ఇమాం చదువుతూ చదువుతూ, సజ్దా చేయాల్సిన వచనం రాగానే తక్బీర్ చెప్పి నిలబడ్డచోటి నుంచి నేరుగా సజ్దాలోకి వెళ్ళాడు. కింద ఉన్నవాళ్ళకు కనపడుతుంది. మాకు తక్బీర్ ఒక్కటే వినపడింది. సగంమంది రుకూలో వంగారు, కొందరు సజ్దాలో ఉన్నారు, ఒక ముసలామె ఏమీ తోచక నిలబడే ఉంది. ఆ తర్వాత కాసేపటికి కరెంటు పోయింది. కింద హాలుకు ఇన్వర్టర్ ఉంది, మేడకు లేదు. ఇమాం ఎక్కడున్నాడో మాకు తెలియదు. ఎవరికి వారు ముగించుకుని మెట్లు దిగాం. మర్నాడు కమిటీ పెద్దాయన ఒకరితో ఈ సంగతి చెబితే, ఆయన చాలా మర్యాదగానే, ఇంట్లో చేసుకుంటే ఈ ఇబ్బందే ఉండదు కదమ్మా అన్నాడు.

ఇమాం కదలికలు ముక్తదీకి కనపడో, వినపడో, ముందు వరుసను చూసో తెలియాలన్నది అనుసరణ చెల్లడానికి న్యాయశాస్త్రం పెట్టిన షరతు. ఆ గదిలో మాకు ఆ షరతు లేకుండా చేసింది కమిటీవాళ్ళే. తర్వాత మీకు అనుసరణ మర్యాద తెలియదని అనేదీ వాళ్ళే. ఇక ఇమాంను సరిదిద్దడం మాట దేవుడెరుగు. మేడమీద తెర వెనక నుంచి మేము చేతులు చరిస్తే వినేదెవరు?

ఇది ఇప్పుడు ఎందుకు ముఖ్యమంటే, ఆడపిల్లల మదర్సాలు హైదరాబాదులోనే కాదు, జిల్లా పట్టణాల్లోనూ వచ్చాయి. ముప్పై భాగాల ఖురాన్ మొత్తం కంఠస్థం చేసిన హాఫిజాలు వాటిలోంచి వస్తున్నారు. తరావీహ్‌లో చదివే హాఫిజ్ తడబడితే అందించడానికి మొదటి వరుసలో ఇంకో హాఫిజ్‌ను నిలబెడతారు. అతన్ని "సామె" అంటారు, వినేవాడు అని అర్థం. వినడం అంత గౌరవమున్న పని. ఇరవయ్యేళ్ళ హాఫిజా ఒకామె నాతో అంది: ఆయన తప్పు చదివితే నాకు వెంటనే తెలిసిపోతుంది, ఒప్పు నోటిదాకా వస్తుంది, మింగేస్తాను అని. చేతులు చరవచ్చు కదా అన్నాను. చరిస్తే తప్పు పోయిందని తెలుస్తుంది గానీ ఏ మాట పోయిందో ఎలా తెలుస్తుంది అని నన్నే అడిగింది. ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముద్ద చేతిలోనే ఉంది, అందించే దారి లేదు. ఇన్నేళ్ళు శ్రమపడి ఆమెకు ఖురాన్ నేర్పిన సమాజమే ఆ దారి మూసింది.

హనఫీ గ్రంథాల్లో ఇంకో షరతు ఉంది. మగవాడు ఇమాం వెనక చేరితే చాలు, అనుసరణ చెల్లుతుంది. స్త్రీ అనుసరణ చెల్లాలంటే ఇమాం స్త్రీలకు కూడా ఇమాంగా ఉంటున్నానని సంకల్పించుకోవాలి. జుమా, ఈద్ నమాజులకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చినవాళ్ళున్నారు. ఈ షరతు చదివినప్పుడు మొదట కోపం వచ్చింది. తర్వాత ఇందులో మనకు పనికొచ్చే ప్రశ్న ఒకటి కనిపించింది. మేడమీద ఆడవాళ్ళున్నారని ఇమాంకు ప్రతిరోజూ గుర్తుంటోందా? గుర్తుంటే, సజ్దా వచనం ఏ రకాతులో రాబోతోందో ముందే మైకులో చెప్పడం ఎంత పని? చాలాచోట్ల చెబుతారు కూడా.

స్త్రీలు స్త్రీల వెనకే నిలబడి చేసుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అడుగుతారు. ఆయిషా, ఉమ్మె సలమా స్త్రీలకు నమాజు చేయించారనీ, మగ ఇమాంలా ముందుకు కాకుండా వరుస మధ్యలోనే నిలబడ్డారనీ కథనాలున్నాయి. ఉమ్మె వరఖాను ఆమె ఇంటివాళ్ళకు నమాజు చేయించమని ప్రవక్త చెప్పి, ఒక ముఅజ్జిన్‌ను కూడా ఏర్పాటు చేశారని అబూ దావూద్ సంకలనంలో ఉంది. "ఇంటివాళ్ళు" అంటే ఆడవాళ్ళేనా, మగవాళ్ళు కూడానా అన్నది ఇప్పటికీ వివాదమే. షాఫయీ, హంబలీ సంప్రదాయాలు స్త్రీల జమాతును మెచ్చుకుంటాయి. మాలికీలు ఒప్పుకోరు. మన తెలుగు జిల్లాల్లో ఎక్కువమంది పాటించే హనఫీ సంప్రదాయం, చేస్తే చెల్లుతుంది గానీ అలా చేయడం మక్రూహ్, అవాంఛనీయం అంటుంది. హైదరాబాదు బార్కస్‌లోని యెమన్ సంతతివాళ్ళు షాఫయీలు కాబట్టి, ఒకే నగరంలో ఈ చివర ఒక నియమం, ఆ చివర ఇంకో నియమం. ఇంతకంటే ఆశ్చర్యం, చైనాలోని హుయి ముస్లింలు కూడా ప్రధానంగా హనఫీలే. అక్కడ హెనాన్ రాష్ట్రంలో స్త్రీలకే ప్రత్యేకమైన మసీదులు, వాటిని నడిపే స్త్రీ అహోంగ్‌లు తరతరాలుగా ఉన్నారు. కైఫెంగ్ నగరంలోని వాంగ్‌జియా హుతోంగ్ స్త్రీల మసీదు 1820 నాటిది. మరియా యాషోక్, షుయి జింగ్‌జున్ కలిసి ఈ మసీదుల చరిత్ర రాశారు. మజ్‌హబ్ ఒప్పుకోదు అని మనకు చెప్పేవాళ్ళు ఆ పుస్తకం ఒకసారి తిరగేస్తే బాగుండును.

ఇక కోర్టుల సంగతి. శబరిమల తీర్పు 2018 సెప్టెంబరులో వచ్చిన వెంటనే, ముస్లిం స్త్రీలను మసీదుల్లోకి అనుమతించాలంటూ కేరళ హైకోర్టుకు వెళ్ళింది హిందూ మహాసభ! హైకోర్టు కొట్టేసింది. 2019 జూలైలో సుప్రీం కోర్టు కూడా, ముస్లిం స్త్రీలే వచ్చి అడగనివ్వండి అంటూ కొట్టేసింది. అప్పటికే పుణెకు చెందిన ముస్లిం దంపతుల పిటిషన్ సుప్రీం కోర్టు ముందుంది. దానిలో పర్సనల్ లా బోర్డు 2020 జనవరిలో వేసిన అఫిడవిట్ ప్రకారం, స్త్రీలు మసీదులో నమాజు చేయడానికి మతపరంగా అడ్డు లేదు, అయితే జమాతులో చేరడం వాళ్ళకు విధి కాదు. 2023లో మళ్ళీ, రావచ్చు గానీ ఒకే వరుసలో మగవాళ్ళతో కలవకూడదని చెప్పింది. మన పేరు చెప్పి కోర్టుకెక్కిన మహాసభకు మన నమాజు మీద ప్రేమ లేదని మనకు తెలుసు. కానీ వాళ్ళకు భయపడి మన ప్రశ్నలు మనం మింగేస్తే, నష్టపోయేది మహాసభ కాదు.

"అడ్డు లేదు" అనడం ఒకటి, చోటు ఇవ్వడం ఇంకొకటి. స్త్రీలు చేస్తున్నవి ప్రవక్త చూసి ఉంటే మసీదులకు రానిచ్చేవారు కాదని ఆయిషా అన్న మాటను ఇప్పటికీ అడ్డం పెడతారు. పదకొండో శతాబ్దంలోనే అండలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ దీనికి జవాబు చెప్పాడు: చూసి ఉంటే అన్నారు, ఆయన చూడలేదు, ఆపనూ లేదు. అల్లా దాసీలను అల్లా మసీదుల నుంచి ఆపవద్దన్న హదీసు అలాగే ఉంది.

2005 మార్చిలో న్యూయార్క్‌లో ఆమినా వదూద్ స్త్రీ పురుషులిద్దరికీ జుమా నమాజు చేయించారు. 2018 జనవరి 26న మలప్పురం జిల్లాలో జమీదా చేయించారు. ఆమెకు బెదిరింపులు వచ్చాయి. వాళ్ళ ధైర్యానికి నా గౌరవం. కానీ కెమెరాలన్నీ ముందు నిలబడ్డ స్త్రీ వైపు తిరిగినప్పుడు, వెనక నిలబడే వేలమంది సంగతి మళ్ళీ వెనకబడిపోతుంది. ఇమాం కావాలని కోరుకునే స్త్రీలు కొద్దిమందే. ముక్తదీలుగా సరిగ్గా నిలబడాలనుకునేవాళ్ళు చాలామంది.

అందుకే మైనారిటీ బస్తీల్లో పనిచేసే మిత్రులతో నేను అంటున్నదేమిటంటే, రంజాన్‌కు ముందే కమిటీల దగ్గరికి వెళ్ళండి. ముగ్గురు నలుగురు ముసలామ్మలను వెంటబెట్టుకు వెళ్ళండి, వాళ్ళకు ఎదురు చెప్పడం పెద్దలకు కష్టం. గుమ్మం గురించి కాకుండా స్పీకరు గురించి అడగండి. మేడమీదికి ఇన్వర్టర్ వైరు లాగడానికి ఏ ఫత్వా కావాలో అడగండి. మెట్లెక్కలేని వాళ్ళకు కింద హాలులోనే మగవాళ్ళ వరుసల వెనక చోటు ఇవ్వగలరా, తెర నిలువెత్తున కాకుండా నడుం ఎత్తున ఉంటే చాలదా, వజూకు కుళాయి ఎక్కడ అని అడగండి. ఖర్చు మాట ఎత్తితే, చందాల పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. స్త్రీల వైపు నుంచి చేతి చప్పుడు వస్తే ఏం చేయాలో మీ ఇమాంకు తెలుసా అని కూడా అడగండి. నేను అడిగిన ఇమాంలలో ఒక కుర్రవాడు, కొత్తగా మదర్సా నుంచి వచ్చినవాడు, హదీసు మొత్తం అరబ్బీలో ఒప్పజెప్పి, ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు ఆపా అన్నాడు. స్త్రీల గది ఎక్కడుందని అడిగితే, మసీదు వెనక సందులో ఉన్న వేరే భవనం చూపించాడు.